మళ్ళీ వచ్చిన వేలిముద్ర

ఒకప్పుడు వేలిముద్ర అంటే చదువు రాదని గుర్తు. అప్పు పత్రం మీద ఏం రాశారో తెలియదు. షావుకారు వేలు పట్టుకుని, సిరా పూసి, కాగితం మీద వేయించుకునేవాడు. అందుకే అక్షరాలు దిద్దినవాళ్ళు ముందుగా సంతకం నేర్చుకున్నారు. వేలిముద్ర పీడ వదిలిందనుకున్నారు. ఇప్పుడది మళ్ళీ వచ్చింది. ఈసారి సిరా లేదు. చేతిలో పట్టే చిన్న యంత్రం ఉంది.

ఉద్దానం పల్లెల్లో ఇప్పుడు వంద రూపాయలు తీసుకోవడానికి పలాసకో, టెక్కలికో బస్సెక్కనక్కర్లేదు. కూలి పోగొట్టుకోనక్కర్లేదు. బ్యాంకు నియమించిన మనిషి ఊళ్ళోనే ఉంటాడు. ఆయన్ని బ్యాంక్ మిత్ర అంటారు. ఆయన యంత్రం మీద వేలు పెడితే ఆ ముద్ర ఆధార్ లెక్కతో సరిపోయిందా అని క్షణాల్లో చూస్తుంది. సరిపోతే మీ ఖాతాలో సొమ్ము తగ్గుతుంది. ఆయన ఖాతాలో అంత పెరుగుతుంది. ఆయన తన దగ్గరున్న నోట్లు తీసి మీకిస్తాడు. ఆయన కమీషన్ బ్యాంకు ఇస్తుంది. మీరు విడిగా ఇవ్వక్కర్లేదు.

2014 ఆగస్టు 28న జన్ ధన్ పథకం మొదలైంది. ఖాతాలో పైసా లేకపోయినా ఫర్వాలేదన్నారు. దాంతో బ్యాంకు గడప తొక్కనివాళ్ళకు కూడా ఖాతాలు వచ్చాయి.

ఇలాంటి యంత్రాల వల్ల నిజంగా మేలుందా? అంతకు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డులు ఇచ్చారు. ఉపాధి కూలి, పింఛను వాటి మీద పంచారు. పక్కనున్న విజయనగరంతో సహా ఎనిమిది జిల్లాల్లో పరిశోధకులు పోల్చి చూశారు. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి తొందరగా అందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. అంటే మేలుంది.

కానీ చిక్కులూ ఉన్నాయి. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో చాలామంది ఆడవాళ్ళు పనిచేస్తారు. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. అలాంటి వేలును యంత్రం గుర్తుపట్టదు. తన సొమ్ముకు తానే పరాయిదవుతుంది. అప్పుడు వేరే వేలు పెట్టి చూడాలి. కొన్ని బ్యాంకులు ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా తెచ్చాయి. అది ఉందేమో అడగాలి.

"వేలు పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అని యంత్రం పట్టుకున్నవాడు అంటాడు. నిజంగా పడకపోవచ్చు. పడి ఉండొచ్చు కూడా. రెండోసారి పెడితే రెండుసార్లు సొమ్ము పోయే ప్రమాదం ఉంది. అక్కడే చదువు పనికొస్తుంది. యంత్రంలోంచి వచ్చే చీటీ అడగండి. ఎంత తీశారు? ఎంత మిగిలింది? ఈ రెండు అంకెలు చదవండి. ఫోనుకు వచ్చిన మెసేజ్‌తో సరిచూడండి. చీటీ ఇవ్వనివాడి దగ్గర వేలు పెట్టకపోవడమే మంచిది.

ఇక ఫోను సంగతి. వజ్రపుకొత్తూరు తీరం నుంచి మగవాళ్ళు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. నెలల తరబడి అక్కడే ఉంటారు. పూర్వం డబ్బు రావాలంటే మనియార్డరు రావాలి, లేదా ఊరికొచ్చే మనిషి తేవాలి. ఈలోగా ఇంట్లో వడ్డీకి అప్పు తెచ్చుకునేవారు. 2016లో యూపీఐ వచ్చింది. అక్కడ నొక్కితే ఇక్కడ ఖాతాలో పడుతుంది. 2022 మార్చి నుంచి మామూలు బటన్ల ఫోనుకు కూడా యూపీఐ దారి ఏర్పడింది.

దీనికి తాళంచెవి పిన్ నెంబరు. ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కర్లేదు. "మీకు సాయం సొమ్ము వచ్చింది, పిన్ కొట్టండి" అని ఎవరన్నా ఫోన్ చేస్తే వాడు దొంగే. వాడు బ్యాంకు మేనేజరునని చెప్పినా సరే.

ఖాతా ఉంటే చాలదు, అది ఏ బ్యాంకుదో తెలియాలి. 2024 మేలో, ఎన్నికల వేళ, చాలామంది పింఛన్లు ఖాతాల్లో వేశారు. ఏ ఖాతాలో పడిందో తెలియక ముసలివాళ్ళు ఎండలో బ్యాంకుల చుట్టూ తిరిగారు. కొందరి ఖాతాలు వాడకం లేక మూలపడి ఉన్నాయి. రెండేళ్ళు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా అలాగే అవుతుంది. బ్యాంకుల పేర్లు కూడా మారాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ వికాస్ బ్యాంకు మన రాష్ట్రంలో 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పెట్టెలో పాత పాస్‌బుక్కు ఉంటే తీసి పేరు చదవండి. బ్యాంకుకు తీసుకెళ్ళి కొత్తది రాయించుకోండి.

మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి కూర్చోవద్దు. వెంటనే 1930 నెంబరుకు ఫోన్ చేయాలి. బ్యాంకుకు కూడా చెప్పాలి. ఎంత త్వరగా చెబితే, దొంగ ఖాతాలో సొమ్ము కదలకుండా ఆపే వీలు అంత ఎక్కువ. ఎంత పోయింది, ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడుగుతారు. అవన్నీ ఫోనుకొచ్చిన మెసేజ్‌లోనే ఉంటాయి. దాన్ని చెరపకండి.