కొలువులో బొమ్మ – కొండలో చెట్టు



మీ ఇంట్లో అమ్మమ్మగారి నాటి తిరుపతి చెక్కబొమ్మల జంట ఉందా? కొలువులో పెట్టే ఆ రాజూ రాణీ ఎర్రచందనంతో చేసినవి కావచ్చు. ఆ చెట్టు మన ఏలూరు, కొల్లేటి భూముల్లో దానంతటది మొలవదు. కడప, చిత్తూరు, నెల్లూరు వైపున్న శేషాచలం, పాలకొండ, వెలిగొండలే దాని పుట్టిల్లు. దొంగ నరుకుడుతో ఆ పుట్టిల్లు పలచబడిపోయింది. విదేశీ వ్యాపారం మీద 1995 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. 2021లో దీన్ని మళ్ళీ అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

“పోనీ, మొక్కలు నాటితే పోలేదా?” అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఒకే చెట్టు కింద ఏరిన గింజలతో వెయ్యి మొక్కలు పెంచితే అవన్నీ ఒక తల్లి బిడ్డలే. రేపు వాటిలో వాటికే కాయలు కాస్తే తరతరాలుగా మేనరికాలు చేసినట్టే. ఒక తెగులు వస్తే తట్టుకునే చెట్టు ఒకటైనా ఉంటుందో ఉండదో!

మరి ఏ చెట్టు ఏ చెట్టుకు చుట్టమో తెలిసేదెలా? పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయాయె. అందుకే జన్యు గుర్తులు కావాలి. చెట్టు కణంలోని డి.ఎన్.ఎ.ను పొడుగాటి పూసల దండ అనుకోండి. పూసలు నాలుగే రకాలు. కొన్నిచోట్ల అవే రెండు మూడు పూసలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక చెట్టులో పదిసార్లు వస్తే మరోదానిలో పద్నాలుగుసార్లు. బిడ్డకు తల్లి నుంచి ఒక దండ, తండ్రి నుంచి ఒక దండ వస్తాయి. లేతాకు నుంచి డి.ఎన్.ఎ. తీసి, ఇలాంటి చోట్లు పది పన్నెండు పోల్చి చూస్తే చుట్టరికం బయటపడుతుంది. నరికిన మోడు చిగిర్చి వచ్చిన కొమ్మయితే తల్లి లెక్కే అచ్చంగా ఉంటుంది. ఎన్ని కొమ్మలొచ్చినా అది ఒక్క చెట్టు కిందే జమ.

ఈ లెక్క తెలిస్తే ఏ కొండన వైవిధ్యం ఎక్కువుందో దాన్ని ముందు కాపాడవచ్చు. విత్తనం ఏయే చెట్ల నుంచి తేవాలో చెప్పవచ్చు. కొండకో రకం గుర్తులు ముందే నమోదు చేసి ఉంచితే, పట్టుబడ్డ దుంగ ఏ అడవిదో పోల్చడానికీ పనికొస్తాయి. అయితే ఎండిన చేవలో డి.ఎన్.ఎ. బాగా తక్కువ, ఆ పని అంత తేలిక కాదు.

మనమేం చేయగలం అంటారా? తాడేపల్లిగూడెం వైపు నర్సరీలో ఎర్రచందనం మొక్క కొంటే, గింజ ఎన్ని చెట్ల నుంచి తెచ్చారో అడగండి. పెరట్లో బీరకాయ విత్తనానికి వదిలేటప్పుడు కూడా ఒక్క పాదునే నమ్ముకోకండి. రెండు మూడు పాదుల మీద వదలండి. అడవికైనా పెరడుకైనా సూత్రం ఒకటే.

సెలవు.