బండి జబ్బు ప్లగ్గు చెబుతుంది
నల్లబడితే దండగ... తెల్లబడితే ముప్పు

దమ్మపేట: వైద్యుడు నాలుక చూసి రోగం పసిగట్టినట్టు, చేయి తిరిగిన మెకానిక్ స్పార్క్ ప్లగ్గు విప్పి చూసి ఇంజన్ సంగతి చెప్పేస్తాడు. ఆ చూపు నేర్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ప్లగ్గు పానా, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు.

1972లో వచ్చిన బజాజ్ చేతక్, 1980లో వచ్చిన టీవీఎస్ 50, 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్, ఎజ్డీ... ఇవన్నీ టూ-స్ట్రోక్ బళ్లే. కొత్తవి రావడం ఆగిపోయినా, పాతవాటిని ప్రాణంగా చూసుకునేవారు ఇంకా ఉన్నారు. బండి లేనివారికీ ఈ ఇంజన్ కొత్త కాదు. పామాయిల్ తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లలో చాలావాటికి ఉన్నది టూ-స్ట్రోక్ ఇంజనే.

పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది

ఆయిల్ కలిపిన పెట్రోలు పోసే టూ-స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్‌కు తడి అందేది ఆ పెట్రోలుతోనే. కార్బొరేటర్ నుంచి పెట్రోలు తక్కువగా వస్తే ఆయిలూ తక్కువవుతుంది, పైగా వేడి పెరుగుతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండర్‌కు పట్టేస్తుంది. దాన్నే 'సీజ్ అయింది' అంటారు. ఒక్కోసారి పిస్టన్ నెత్తికి చిల్లే పడుతుంది. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఇలా జరిగితే బోరు, పిస్టన్ ఖర్చుతోపాటు కూలీ రోజులూ పోతాయి. ప్లగ్గు ఈ ముప్పును ముందే చెబుతుంది.

రంగు చూడండి

ప్లగ్గు కొనలో ఉన్న పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉన్నట్టు.

పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. చోక్ పూర్తిగా మూసుకోకపోయినా, ఎర్రమట్టి దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది. ముందు ఫిల్టర్ కడగండి.

జిడ్డుగా, తడిగా నల్లబడితే ఆయిల్ పాలు ఎక్కువైందని అనుమానించాలి. పాళ్లు సరిగ్గా ఉన్నా జిడ్డు పోకపోతే, క్రాంక్ సీలు పాడై గేరు పెట్టెలోని ఆయిల్ లోపలికి వస్తుండవచ్చు.

సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. పింగాణీ మీద వెండి చుక్కల్లాంటివి కనిపించినా, కొన కరిగినా పిస్టన్ లోహం కరగడం మొదలైందన్నమాట. ఇక బండి నడపకూడదు.

తెల్లబడగానే జెట్టు మార్చేయకండి. కార్బొరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఉన్న రబ్బరు పగిలిందేమో, సీలు దగ్గర గాలి పీలుస్తోందేమో, టైమింగ్ తప్పిందేమో మొదట చూడాలి.

ఎప్పుడు విప్పాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. బండిని ఇంటి ముందు కాసేపు స్లోలో తిరగనిచ్చి ప్లగ్గు విప్పితే అది నల్లగానే ఉంటుంది. ఆ నలుపు స్లోది, పరుగుది కాదు. ప్లగ్గు ఆఖరున నడిచిన నడకనే ఎక్కువగా చూపిస్తుంది.

అందుకే కొత్త ప్లగ్గు వేసి, ఇంజన్ బాగా వేడెక్కాక, జనం లేని తిన్నని దారిలో పూర్తి యాక్సిలరేటర్‌తో కొంతదూరం నడపాలి. అదే వేగంలో క్లచ్ పట్టి వెంటనే ఇంజన్ ఆపేయాలి. బండి పూర్తిగా ఆగాక ప్లగ్గు విప్పాలి. చేయి కాలుతుంది, గుడ్డ పట్టుకోండి. సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చింది 2000లో. ఈ పెట్రోలుతో రంగు తొందరగా తేలదు. పింగాణీ మొదట్లో, లోపలి అంచున పడే మసి గీత చూడాలి.

ఏది తిప్పాలి?

కార్బొరేటర్‌లో ఒక్కొక్క భాగానిది ఒక్కొక్క హద్దు. స్లో నడక పైలట్ జెట్టుది, ఎయిర్ స్క్రూది. పావు నుంచి ముప్పావు యాక్సిలరేటర్ దాకా నీడిల్‌ది. ఆపైన మెయిన్ జెట్టుది. ఆర్‌ఎక్స్ 100లాంటి బళ్లలో ఎయిర్ స్క్రూ విప్పితే గాలి పెరుగుతుంది. నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ లేచి పెట్రోలు పెరుగుతుంది. బ్రష్ కట్టర్‌లో మాత్రం తీరు వేరు. ఎల్, హెచ్ అని ఉన్న స్క్రూలను విప్పితే పెరిగేది పెట్రోలే.

ఎప్పుడూ పెద్ద జెట్టుతో మొదలుపెట్టి చిన్నదానికి రావాలి. నలుపు నుంచి కాఫీ రంగుకు వస్తే నష్టం లేదు. తెలుపు నుంచి వెతుక్కుంటూ వస్తే దారిలోనే పిస్టన్ పోవచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి తిప్పితే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఎండ, చలి, ఇథనాల్

మే నెల ఎండల్లో గాలి పలచబడుతుంది. అప్పుడు సరిగ్గా కుదిర్చిన జెట్టు డిసెంబర్ చలిలో, అడవి దారిన తెల్లవారుజామున చాలకపోవచ్చు. చలిగాలి చిక్కగా ఉంటుంది గనుక దానికి పెట్రోలూ ఎక్కువ కావాలి.

ఇప్పుడు మరొకటి తోడైంది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. కిలో పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత జెట్టు మాత్రం పాత లెక్కనే పెట్రోలు వదులుతుంది. అంటే గాలి మిగిలిపోయి, ప్లగ్గు తెలుపువైపు జరుగుతుంది. నిన్నటిదాకా కాఫీ రంగు చూపిన బండి ఇప్పుడు తెలుపు చూపితే ఒక సైజు పెద్ద జెట్టు వేసి చూడాలి. ఇథనాల్ నీటినీ పీలుస్తుంది. కాబట్టి బ్రష్ కట్టర్‌ను నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం మేలు.

ఆయిల్ కొలత చూపుతో పోయకండి. కంపెనీ పుస్తకం 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. ప్లగ్గు కూడా పుస్తకంలో చెప్పిన నంబరుదే వేయాలి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిని తొందరగా వదిలేస్తుంది. నంబరు తప్పితే రంగు అబద్ధం చెబుతుంది.

విప్పిన ప్లగ్గును మళ్లీ బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. మొదటే పానా పెడితే మర చెడుతుంది.