దెయ్యాల పాట కాదు... బీదవాడి గోడు!

సైరన్ కూస్తుంది. వాద్యాలు నెమ్మదిగా, బరువుగా నడుస్తాయి. ఉన్నట్టుండి గిటారు రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. డ్రమ్ముల పక్కనున్న రేకు తాళం ఒక్కటే టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఆ ఖాళీలో పాడాల్సింది గాయకుడు. కానీ ఆయన నోరు విప్పేలోగానే జనం అందుకుంటారు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో 2025 జులై 5న విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో ఈ పాట చివరిసారిగా అసలు బృందం నోట వినపడింది. పార్కిన్సన్స్ జబ్బుతో నడవలేని ఆజీ ఆస్‌బోర్న్ సింహాసనం లాంటి నల్లకుర్చీలో కూర్చుని పాడారు. 'బ్లాక్ సబ్బాత్' బృందంలోని తొలి నలుగురూ ఇరవై ఏళ్ల తర్వాత ఒక్కచోట చేరారు. మొదట ఎత్తుకున్న పాట 'వార్ పిగ్స్'. యుద్ధపు పందులు అని అర్థం. తర్వాత 17 రోజులకే, జులై 22న ఆజీ కన్నుమూశారు.

ఈ పాట 1970లో 'పారనాయిడ్' అనే రికార్డులో మొదటి పాటగా వచ్చింది. నిడివి దాదాపు ఎనిమిది నిమిషాలు. ఈ తరహా సంగీతానికి హెవీ మెటల్ అని పేరు. కొత్తగా విన్నవారికి గోలగానే ఉంటుంది. చెవులు మూసుకున్నా తప్పుపట్టలేం. బృందం పేరులో 'బ్లాక్' ఉంది, పాటలో మంత్రగత్తెలున్నారు, సాతాను ఉన్నాడు. ఇంకేముంది, ఇది దెయ్యాలను కొలిచేవారి పాట అని పెద్దలు తేల్చేశారు. అభిమానులు మాత్రం అర్ధ శతాబ్దానికి పైగా వేరే మాట చెబుతున్నారు. ఇది యుద్ధానికి పంపినవాడి మీద, యుద్ధానికి పోయినవాడి తరఫున వేసిన ఫిర్యాదు అంటున్నారు.

పాట చదివితే వారి మాటే నిజమనిపిస్తుంది. యుద్ధం మొదలుపెట్టిన నాయకులు తాము దాక్కుంటారు, పోట్లాడి చచ్చే పని బీదవాళ్లకు అప్పగిస్తారు, మనుషులను చదరంగంలో బంట్లలా జరుపుతారు. పాటలోని సారాంశమంతా ఇదే. మంత్రగత్తెలెవరో కాదు, బల్లచుట్టూ కూర్చుని నాశనానికి పథకం వేసే సేనాధిపతులే.

వేలికొనలు పోయిన గిటారు

ఈ గోడు రాసినవారు, పాడినవారు ఎవరో తెలిస్తే కోపం ఎక్కడిదో అర్థమవుతుంది. నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతపు కుర్రాళ్లు. అది ఫ్యాక్టరీల పేట. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడిన ఊరు. వీళ్లు 1948-49లో పుట్టారు. కూలిన ఇళ్ల మధ్య ఆడుకుంటూ పెరిగారు. అందుకే పాటలోని సైరన్ మోత ఆ ఊరివారికి వింత కాదు.

ఆజీ కొన్నాళ్లు కబేళాలో పనిచేశారు. గిటారు వాయించే టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీలో పని. 17వ ఏట, పని మానేస్తున్న చివరి రోజున యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ఇక గిటారు లేదనుకున్నారంతా. ఫ్యాక్టరీ అధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించారు. మంటల్లో చెయ్యి కాలి, రెండు వేళ్లతోనే తీగల మీద అద్భుతాలు చేసినవాడు రైన్‌హార్ట్. ఆ ధైర్యంతో అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు. పైన తోలుముక్క అంటించుకున్నారు. నొప్పి తగ్గాలని సన్నతీగలు వేసుకున్నారు. ఆ చేతిలోంచి వచ్చిన మోతలో ఫ్యాక్టరీ యంత్రం దెబ్బ వినపడుతుందని అభిమానులంటారు. ఈ కథ తెలిసి వింటే కాదనలేం.

మాటలు రాసింది ఎక్కువగా బేస్ గిటారు వాయించే గీజర్ బట్లర్. ఐరిష్ క్యాథలిక్ కుటుంబం. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవకు కుర్రాళ్లను పిలవడం 1960లో ఆగిపోయింది. అయినా అమెరికావారి వియత్నాం యుద్ధంలోకి తననూ లాగుతారేమోనని భయపడ్డానని ఆయన తర్వాత చెప్పారు. పాటకు మొదట 'వాల్‌పుర్గిస్' అని పేరు పెట్టారు. ఐరోపాలో ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు కూడతారని ఒక నమ్మకం. ఆ రాత్రి పేరది. యుద్ధమే అసలు సాతాను అన్నది బట్లర్ వివరణ. రికార్డు కంపెనీకి ఆ పేరు నచ్చలేదు. పేరు మారింది, మాటలూ మారాయి. రికార్డుకు 'వార్ పిగ్స్' అనే పేరే పెడదామనుకుంటే అదీ మారి 'పారనాయిడ్' అయింది. అట్ట మీద బొమ్మ మాత్రం మారలేదు. కత్తీ డాలూ పట్టుకుని దూకుతున్న మనిషి అలాగే మిగిలిపోయాడు. బొమ్మకూ పేరుకూ పొంతన లేదేమిటని కొత్తవారు అడగడం, పాతవారు ఈ కథ చెప్పడం అభిమానుల్లో మామూలే.

వియత్నామా, కాదా?

ఇక వాదులాటలు. ఇది వియత్నాం పాటేనని బట్లర్ మాటను పట్టుకున్నవారంటారు. మాకు వియత్నాం గురించి ఏమీ తెలియదు, ఇది యుద్ధానికి వ్యతిరేకంగా పాడిన పాట, అంతే అని ఆజీ ఒకప్పుడు చెప్పారు. ఒకే బృందంలో ఇద్దరివి రెండు మాటలు! పాటలో ఏ దేశం పేరూ లేదు. అదే దాని బలమేమో. తర్వాత వచ్చిన ప్రతి యుద్ధానికీ జనం దాన్ని అన్వయించుకున్నారు.

మరో తగాదా మొదటి చరణం మీద. అంత్యప్రాస కోసం 'మాసెస్' అన్న మాటను రెండుసార్లు వాడారు. కవిత్వం చేతకాక ఒకే మాట వేశారని వెక్కిరించేవారున్నారు. కానీ మొదటిదానికి జనసమూహాలని అర్థం, రెండోదానికి సాతాను కోసం చేసే నల్లపూజలని అర్థం. మాట ఒకటే, అర్థాలు రెండు. మన పద్యాల్లో ఇదే పని చేస్తే యమకం అని మెచ్చుకుంటాం.

ఈ పాటను చాలామంది తిరిగి పాడారు. 1989లో 'ఫెయిత్ నో మోర్' బృందం పాడింది. వేరే తరహా పాటలతో పేరు తెచ్చుకున్న నల్లజాతి గాయకుడు టీ-పెయిన్ 2023లో పాడితే ఆజీ స్వయంగా మెచ్చుకున్నారు.

అసలు చిక్కు చివరి చరణంలో ఉంది. తీర్పు రోజు వస్తుంది. యుద్ధం చేయించినవారు మోకాళ్ల మీద పడి క్షమించమంటారు. సాతాను నవ్వుతూ రెక్కలు విప్పుతాడు. పాపులకు శిక్ష పడిందని కొందరు అభిమానులు సంతోషిస్తారు. శిక్ష ఎక్కడ పడింది, నవ్వుతున్నది సాతాను కదా, అంటే గెలిచింది వాడే కదా అని మరికొందరంటారు. బట్లర్ లెక్కన యుద్ధమే సాతాను అయితే రెండో వారి మాటకే బలం ఎక్కువ. ఆ తర్వాత మాటలుండవు. వాద్యాలు మాత్రమే చాలాసేపు మోగి, చివరికి ఒక్కసారిగా వేగం పెరిగి పాట తెగిపోతుంది.