కడుపుకు కట్టు సరే... మనసు సంగతేంటి?

బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేయించుకుంటే ఇక సమస్య తీరిపోయినట్టేనా? కిలోలు తగ్గుతాయి. మోకాళ్ల నొప్పులు నెమ్మదిస్తాయి. చాలామందికి షుగరు, బీపీ అదుపులోకి వస్తాయి. కానీ పదిమంది కూర్చుని తినే చోట నాలుగు చెంచాలతో ఆగిపోవడం, అద్దంలో కనిపించే కొత్త మనిషిని పోల్చుకోవడం, చుట్టాల మాటలు తట్టుకోవడం... వీటికి ఏ సర్జనూ కుట్లు వేయలేడు. ఆ పని ఇంట్లోవాళ్లది.

పురానాపూల్ అంటే పాత వంతెన. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో మూసీ మీద కట్టారు. హైదరాబాద్ నగరం పుట్టింది ఆ తర్వాత పదమూడేళ్లకు! పక్కన కొత్త వంతెన వచ్చాక పాతదాని మీద కూరగాయల అంగళ్లు వెలిశాయి. కార్వాన్, జియాగూడ, ధూల్‌పేట, హుస్సేనీ ఆలం... ఈ చుట్టుపక్కల ఏ బస్తీకి వెళ్లినా తిండి అంటే ఆకలి తీర్చుకోవడం ఒక్కటే కాదు. అది మర్యాద, ప్రేమ, చుట్టరికం. రంజాన్ నెలలో హలీం, పెళ్లి దావత్‌లో బిర్యానీ, ఆపైన డబల్ కా మీఠా, ఖుర్బానీ కా మీఠా. ఆషాఢంలో బోనాల పండగ వస్తే ఇంటింటా వేటకూర. పొద్దున, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ‘ఇంకో బుక్క తిను బిడ్డా’ అని ఒకరంటే, ‘ఔర్ థోడా లేవ్’ అని ఇంకొకరు. వద్దంటే మొహమాటం అనుకుంటారు. గట్టిగా వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

అలాంటి ఇంట్లో ఒకరు కడుపుకు బ్యాండ్ వేయించుకుని వచ్చారనుకోండి. ఒక్కరి పొట్టే చిన్నదవుతుంది. మిగతా ఇల్లంతా పాత లెక్కలోనే వడ్డిస్తుంటుంది. అసలు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఊరికో ఇద్దరి సమస్య కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి ముప్ఫై మంది, ఆంధ్రప్రదేశ్‌లో ముప్ఫై ఆరు మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. తెలంగాణ మగవాళ్లలోనూ ఆ సంఖ్య ముప్ఫై దాటింది. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 23 దాటితే మనవాళ్లకు అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్కించాలని మన దేశంలో వైద్యులు 2009లోనే ఒక అవగాహనకు వచ్చారు. పాశ్చాత్యుల కంటే మనకు తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బులు చుట్టుకోవడమే దానికి కారణం.

ఒకప్పుడు ఈ ఆపరేషన్లంటే లక్షల రూపాయలు పెట్టగలిగినవాళ్లకే అన్న మాట ఉండేది. పురానాపూల్ నుంచి మూసీ వెంట కొద్ది దూరం వెళితే వచ్చే ఉస్మానియా ఆసుపత్రిలో, 2023లో ప్రభుత్వ వైద్యులు 240 కిలోల బరువున్న ఓ యువకుడికి బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేశారు. అంటే బరువు తగ్గించే ఆపరేషన్ పాతబస్తీ సామాన్యుడి గడప దాకా వచ్చిందన్నమాట. ఆపరేషన్ తర్వాతి జీవితం గురించి తెలుసుకోవాల్సిన అవసరమూ అంతే దగ్గరకు వచ్చింది.

ఉంగరం చేసే పని

గ్యాస్ట్రిక్ బ్యాండ్ ఒక సిలికాన్ ఉంగరం. జీర్ణాశయం పైభాగానికి నడుముకు బెల్టు పెట్టినట్టు చుడతారు. పైన ఓ చిన్న సంచీ, కింద మిగతా పొట్ట. మధ్యలో సన్నటి దారి. ఉంగరం లోపలి వైపు బుడగలాంటి పొర ఉంటుంది. దాన్నుంచి సన్నని గొట్టం వచ్చి చర్మం కింద అమర్చిన చిన్న మూతకు కలుస్తుంది. సూదితో ఆ మూత ద్వారా సెలైన్ ఎక్కిస్తే బ్యాండ్ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. కొద్దిగా తినగానే పై సంచీ నిండి, చాలన్న భావన కలుగుతుంది.

ఇలా సర్దుబాటు చేసుకోగల బ్యాండును లాపరోస్కోపీ పద్ధతిలో మొదట అమర్చింది 1993లో, బెల్జియంలో. 2001లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. పొట్ట కోయరు, పేగులు కలపరు, కావాలంటే తీసేయొచ్చు... అందుకే బోలెడంత పేరొచ్చింది. 2011లో అమెరికాలో జరిగిన బరువు ఆపరేషన్లలో మూడోవంతుకు పైగా ఇవే. ఆ తర్వాత మోజు తగ్గింది. బ్యాండ్ జారిపోవడం, జీర్ణాశయం గోడలోకి కోసుకుపోవడం, అనుకున్నంత బరువు తగ్గకపోవడం వల్ల ఎంతోమందికి మళ్లీ ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్ని కోసి తీసేస్తారు. బ్యాండ్‌లో ఏదీ తీయరు. అందుకే బ్యాండ్ ఉన్నవాళ్లు తిండి విషయంలో మనసుతో చేసే పోరాటం ఇంకాస్త ఎక్కువ. అయితే ఇక్కడ చెప్పుకునే మనసు బాధలు ఏ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకైనా ఎంతో కొంత తప్పవు.

బిర్యానీ ఆగుతుంది... మీఠా జారుతుంది!

బ్యాండ్ వేసుకున్నవారికి కొన్నాళ్లు ద్రవాలు, తర్వాత మెత్తటి పదార్థాలు, ఆ తర్వాతే మామూలు తిండి. చిన్న చిన్న ముద్దలు, బాగా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తొందరపడితే గొంతు కింద అడ్డం పడ్డట్టు నొప్పి, నోట్లో నీళ్లూరడం, వాంతి. ముద్దకట్టే అన్నం, పీచు ఉన్న మాంసం, మెత్తటి బ్రెడ్డు చాలామందికి దిగవు. అంటే దావత్‌లో బిర్యానీ దగ్గరే ఆగిపోవాలి.

చిత్రమేమిటంటే ఖుర్బానీ కా మీఠా, ఐస్‌క్రీమ్, పండ్ల రసం, చక్కెర దండిగా వేసిన చాయ్ మాత్రం హాయిగా జారిపోతాయి. బ్యాండ్‌కు ముద్ద తెలుస్తుంది కానీ క్యాలరీ తెలియదు. కడుపు నిండక కాదు, మనసు నిండక తినే అలవాటున్నవాళ్లు తెలియకుండానే ఈ మెత్తటి దారి పడతారు. బరువు తగ్గడం ఆగిపోతుంది. ‘ఇంత ఖర్చు పెట్టినా నేను మారలేదు’ అన్న అపరాధభావం మొదలవుతుంది. అది పోగొట్టుకోవడానికి మళ్లీ తీపి!

చాలామందికి తిండి ఒక నేస్తం. ఇంట్లో గొడవైనా, ఉద్యోగంలో మాట పడ్డా, ఒంటరిగా ఉన్నా సర్దిచెప్పేది అదే. ఆ నేస్తం ఒక్కసారిగా దూరమైతే దుఃఖం వస్తుంది. ఆపరేషన్ అయిన కొత్తలో ‘ఎందుకు చేయించుకున్నానా’ అని ఏడ్చేవాళ్లు తక్కువేం కాదు. అది పిచ్చీ కాదు, బలహీనతా కాదు.

అద్దం ఆలస్యంగా నమ్ముతుంది

శరీరం నెలల్లో మారుతుంది. మెదడులో ఉన్న బొమ్మ అంత తొందరగా మారదు. ముప్ఫై కిలోలు తగ్గాక కూడా ఆటోలో మూలకు ఒదిగి కూర్చోవడం, దుకాణంలో అన్నిటికన్నా పెద్ద సైజే అడగడం మామూలే. దానికి తోడు వేలాడే చర్మం. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు ఊడటం. సన్నబడితే అందంగా ఉంటామనుకుంటే ఇదేమిటన్న నిరాశ. జుట్టు చాలావరకు మళ్లీ వస్తుంది, ప్రొటీను, ఐరన్ సరిగ్గా అందుతుంటే. చర్మం మాత్రం పూర్తిగా బిగుసుకోకపోవచ్చు. ఈ సంగతి ముందే చెబితే బాధ సగం తగ్గుతుంది.

ఇక మాటలు. లావుగా ఉన్నప్పుడు ‘కాస్త నోరు కట్టుకోరాదూ’ అన్నవాళ్లే, సన్నబడ్డాక ‘ఏమైంది, షుగరొచ్చిందా? మొహం పీక్కుపోయింది’ అంటారు. ఆపరేషన్ సంగతి తెలిస్తే ‘ఓస్, అడ్డదారిలో తగ్గావా’ అని తేల్చేస్తారు. నిజానికి అధిక బరువు ఒట్టి నోటి దురద కాదు. వంశపారంపర్యం, హార్మోన్లు, నిద్ర, కొన్ని మందులు, మానసిక ఒత్తిడి... అన్నీ కలిసి బరువును నిర్ణయిస్తాయి. ఆపరేషన్ అడ్డదారీ కాదు, జీవితాంతం నడవాల్సిన దారి.

పెళ్లి కావాల్సిన ఆడపిల్లలకు ఇంకో బరువు అదనం. ఆపరేషన్ విషయం చెబితే సంబంధం పోతుందేమోనని ఇంట్లోవాళ్లే దాచమంటారు. దాచుకుంటే పదిమందిలో తినలేని ప్రతిసారీ ఓ అబద్ధం వెతుక్కోవాలి. పెళ్లయ్యాక సంవత్సరంన్నర దాకా గర్భం వాయిదా వేయాల్సి రావచ్చు, విటమిన్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఇవన్నీ దాచి నెట్టుకురాగల సంగతులు కావు.

కాపురంలోనూ మార్పు వస్తుంది. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్నవారిలో అప్పటికే జంటగా ఉన్నవాళ్లు విడిపోవడం కాస్త ఎక్కువగా కనిపించింది. ఒంటరిగా ఉన్నవాళ్లు కొత్తగా పెళ్లి చేసుకోవడం, తోడు వెతుక్కోవడం కూడా ఎక్కువే. మన కుటుంబాల తీరు వేరే కావచ్చు. కానీ ఇంట్లో ఒకరి ధైర్యం, నడక, దుస్తులు, కోరికలు మారితే రెండోవారు కూడా సర్దుకోవాలన్నది ఎక్కడైనా నిజమే. బైపాస్ చేయించుకున్నవారిలో రెండో ఏడు మద్యం సమస్యలు పెరిగినట్టు 2012లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. తిండి ఇచ్చే ఊరట పోయినచోట ఇంకో వ్యసనం చేరకుండా చూసుకోవాలి.

తొందర ప్రమాదం

సన్నబడాలన్న ఒత్తిడి ఎంత బలమైందో తెలుగువాళ్లకు ఓ విషాదం గుర్తుచేస్తూనే ఉంటుంది. ‘నువ్వు నాకు నచ్చావ్’తో 2001లో తెలుగు తెరకు వచ్చిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. కొద్ది వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. లైపోసక్షన్ వేరు, బేరియాట్రిక్ ఆపరేషన్ వేరు. మొదటిది ఒకచోట పేరుకున్న కొవ్వును లాగేసేది. ఊబకాయానికి అది చికిత్స కాదు. ఈ తేడా తెలియకుండా ప్రకటనలు చూసి పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2025లో మౌంజారో, వెగోవీ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. సూది అయినా, కత్తి అయినా వైద్యుల సలహాతోనే. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌తో పాటు పోషకాహార నిపుణులతో, మానసిక వైద్యులతో మాట్లాడించే ఆసుపత్రిని ఎంచుకోవాలి. మానసిక వైద్యుల దగ్గరకు పంపితే ‘నాకేమైనా పిచ్చా’ అనుకోనక్కర్లేదు. దిగులుతో తింటున్నారా, ఆపరేషన్ మీద ఎంత ఆశ పెట్టుకున్నారు, ఇంట్లో తోడుంటారా... అవన్నీ తెలుసుకోవడానికే.

బ్యాండ్ తీయాల్సి వచ్చినా, బరువు కొంత మళ్లీ పెరిగినా అది ఓటమి కాదు. మొహం చాటేసి వైద్యుల దగ్గరకు వెళ్లడం మానేస్తేనే నష్టం.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* చిన్న పళ్లెం, చిన్న గిన్నె పెట్టండి. కొసరి వడ్డించకండి. ‘ఇంతేనా’ అనే మాట మరచిపోండి.

* దావత్‌కు వెళ్లేముందు ‘డాక్టర్ వద్దన్నారు’ అన్న ఒక్క ముక్క మీరే ముందుగా చెప్పేయండి. సంజాయిషీ భారం వాళ్ల మీద పడదు.

* పప్పు, గుడ్డు, పెరుగు, చేపల్లాంటి ప్రొటీను ముందు, మిగతావి తర్వాత. తీపి, తియ్యటి పానీయాలు ఇంట్లో అందరికీ తగ్గించండి.

* రోజూ బరువు చూడమనకండి. వారానికోసారి చాలు. కిలోల కన్నా మెట్లు ఎక్కగలగడం, హాయిగా నిద్రపోవడం గురించి మెచ్చుకోండి.

* రంజాన్ ఉపవాసం గానీ, శనివారం ఒక్కపొద్దు గానీ ఉండాలనుకుంటే ముందుగా వైద్యుణ్ని అడగండి.

* నీళ్లు కూడా దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం వచ్చినా, చర్మం కింది మూత దగ్గర ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

* నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, బతుకు మీద విరక్తి కనిపిస్తే ఆలస్యం వద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉంగరాన్ని బిగించడం, వదులు చేయడం వైద్యుడి చేతిలో ఉంది. ఇంట్లో మాటల్ని వదులు చేయడం మన చేతిలో ఉంది. పళ్లెంలో ఎంత మిగిలిందో చూడటం మానేసి, ‘ఇవాళ ఎలా ఉన్నావు?’ అని అడిగే మనిషి ఒక్కరున్నా చాలు. నాలుగు చెంచాల భోజనమైనా తృప్తిగా ముగుస్తుంది.