బొగ్గు గనుల చెంత బావులు, చెరువులు

కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి ప్రాంతముల రైతులు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు: “మా బావి ఎండినది వాన లేకనా, గని వలననా?” నోటిమాటతో దీనికి జవాబు చెప్పుట సాధ్యము కాదు. బావి లెక్క వ్రాసి ఉంచిన గ్రామములో మాత్రము చెప్పవచ్చును.

ముందుగా భూమిలో జరుగు సంగతి గ్రహింపవలెను. ఈ గోదావరి లోయలో 1871లో విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలైనది. ఇక్కడ బొగ్గు ఇసుకరాతి పొరల మధ్య ఉండును. మన బావులకు, బోర్లకు నీరిచ్చునది కూడ ఆ ఇసుకరాయియే. పొరుగు రైతు మీ బావికంటె లోతుగా త్రవ్వి రేయింబవళ్లు తోడినచో మీ బావిలో నీరు తగ్గుట ఎరిగినదే గదా! ఓపెన్‌కాస్టు గని అటువంటి బావియే. దాని వైశాల్యము మాత్రము వందల ఎకరములు. అడుగున నీరు నిలిచినచో బొగ్గు తీయ వీలుండదు గనుక పంపులతో తోడుచునే ఉందురు. చుట్టుపట్ల ఊట గనివైపునకు మరలును. ఈ ప్రభావము అన్ని దిక్కుల ఒకే దూరము ప్రాకదు. నీరింకని పొర అడ్డమున్న ప్రక్క బావులు నిలువవచ్చును. భూగర్భ గనులపై నేల క్రుంగి బీటలువారినచో చెరువు నీరు సైతము లోనికి దిగవచ్చును.

గని నుండి తోడిన నీరు వాగులో వదలుటచే కొన్ని వాగులు వేసవిలోను పారును. రైతులు సంతోషింతురు, తప్పు లేదు. కాని పంపులు ఆగిన నాడు ఆ పారుదలయు ఆగును. దానిని నమ్మి తోటలు పెట్టుట మంచిది కాదు. మట్టి గుట్టల దిగువనున్న చెరువులకు మరియొక చిక్కు కలదు: వానకు గుట్ట కరిగి పూడిక చేరును, పరీవాహపు నీరు తగ్గును.

మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో గంధకము హెచ్చు. అచ్చట వాగులు ఆమ్లమయములైనవి. మన బొగ్గులో గంధకము తక్కువ గనుక అంత భయము లేదు. అయినను గని నీటిలో లవణములు హెచ్చుగా ఉండవచ్చును. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, లీటరు నీరు పట్టి పరీక్షకు పంపుడు. విద్యుద్వాహకత మీటరుకు 0.75 డెసీసైమన్లకు లోపైన చాల పైర్లకు సరిపడును, 2.25 దాటినచో ఉప్పునకు ఓర్వని పైర్లు వేయరాదు.

ఇక బావి లెక్క. గనికి దగ్గర రెండు, దూరముగా రెండు బావులు ఎంచుకొనుడు. కేంద్ర భూగర్భజల మండలి కొలుచునట్లే జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలలో, ఉదయము మోటారు వేయకముందు, ఒర మీద పెట్టిన ఒకే గుర్తు నుండి నీటివరకు టేపుతో కొలిచి, తేదీతో వ్రాయుడు. ఆ నెల వానయు ప్రక్కన వ్రాయుడు. కరవైనచో నాలుగు బావులును దిగి, మంచి వానలకు మరల లేచును. దగ్గరి బావులు మాత్రమే దిగి, మంచి వాన పడిన ఏడు కూడ నవంబరులో పూర్వపు మట్టమునకు రానిచో గనిని శంకింపవలెను.

గని తెరువకముందే ఈ లెక్క మొదలుపెట్టిననే విలువ. 2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి జరుపు ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినముల ముందు నోటీసు ఇత్తురు. ముప్పది దినములలో బావి చరిత్ర తయారు కాదు. పంచాయతీ కార్యదర్శులు ఆ పుస్తకమును కార్యాలయములో భద్రపరచి, దాని నకలును ఆ సభకు వ్రాతపూర్వకముగా అందజేయవచ్చును.