చీకటి పడ్డాక తీగలపై పలికే సంగీతం

మనుబోలు:
పగలంతా జాతీయ రహదారిపై వాహనాల రొదలో కలిసిపోయే రైలు కూత, రాత్రి పది గంటలు దాటితే మనుబోలు ఇళ్లలో ఎంతో స్పష్టంగా వినవస్తుంది. చెన్నై - విజయవాడ ప్రధాన రైలుమార్గాన్ని ఆనుకుని ఉన్న ఈ ప్రాంత వాసులకు ఇది నిత్యానుభవమే. సద్దు మణగడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. సూర్యాస్తమయం తర్వాత నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లగా, దానిపైనున్న గాలి కొంత వెచ్చగా ఉంటుంది. అటువంటప్పుడు ధ్వని తరంగాలు ఆకాశంలోకి పోకుండా వంగి మళ్లీ నేలవైపు దిగుతాయి. ఎండవేళ జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. గాలి కదలని నిర్మలమైన రాత్రివేళ దూరపు చప్పుడు దగ్గరగా తోచడంలోని రహస్యం ఇదే.

రాత్రికీ వినికిడికీ మధ్యనున్న ఈ చుట్టరికాన్ని సంగీతకారులు ఏనాడో పసిగట్టారు. నిశిరాత్రిని స్ఫురింపజేయడానికే ప్రత్యేకంగా కూర్చిన రచనలు అటు ఐరోపాలోనూ, ఇటు మన సంప్రదాయంలోనూ ఉన్నాయి. పియానో మీద రాత్రిగీతాలకు పేరున్నప్పటికీ తంత్రీవాద్యాలది ఇందులో విశిష్ట స్థానం. కమాను తీగను తాకిన క్షణాన నాదం ఎక్కడ మొదలైందో తెలియనంత సన్నగా పుట్టి, పెరిగి, మళ్లీ నిశ్శబ్దంలో లీనం కాగలదు. పియానోకు గానీ డోలుకు గానీ ఈ సౌలభ్యం లేదు.

గదికి సరిపడే కచేరీ

పాశ్చాత్యులు 'చాంబర్ మ్యూజిక్' అని పిలిచే పద్ధతి పేరుకు తగ్గట్టే గదిలో వినే సంగీతం. పెద్ద వాద్యబృందంలో ఒకే వరుసను పది పదిహేను మంది కలిసి వాయిస్తారు. ఇక్కడ ఒక్కో వరుసకు ఒక్కరే ఉంటారు. ముందు నిలబడి చేతులూపే నిర్దేశకుడు ఉండడు. ఒకరి ఊపిరిని మరొకరు గమనిస్తూ వాయించాలి. రెండు వయొలిన్లు, వయొలిన్‌కన్నా కాస్త పెద్దదైన వయోలా, కాళ్ల మధ్య నిలిపి వాయించే చెల్లో కలిస్తే 'స్ట్రింగ్ క్వార్టెట్' అనే చతుష్టయం ఏర్పడుతుంది. ఆస్ట్రియాకు చెందిన హైడన్ (1732 - 1809) ఈ ప్రక్రియకు స్థిరమైన రూపమిచ్చాడు. మైకు లేకుండా వందమంది హాయిగా వినగలిగే సంగీతమిది. ఆ మాటకొస్తే గాయకుడు, వయొలిన్, మృదంగం, తంబురాతో సాగే మన కచేరీ కూడా పుట్టుకతో గది సంగీతమే. మైదానాలకూ మైకులకూ అది తర్వాత అలవాటు పడింది.

రాత్రి పేరుతో వచ్చిన రచనల్లో లోకమంతటా ఎక్కువగా వినిపించేది మొజార్ట్ కూర్చిన 'ఐనె క్లైనె నాఖ్ట్‌మ్యూజిక్'. జర్మన్ భాషలో దీనికి 'చిన్న రాత్రి సంగీతం' అని అర్థం. 1787 ఆగస్టు 10న ముగించినట్టు ఆయన తన రచనల పట్టికలో స్వయంగా నమోదు చేసుకున్నాడు. అది అచ్చులోకి వచ్చింది మాత్రం ఆయన మరణించిన మూడు దశాబ్దాలకు పైగా గడిచాక, 1827 ప్రాంతంలో. పట్టికలో పేర్కొన్న అయిదు భాగాల్లో ఒకటి దొరకనే లేదు. అయితే పేరు చూసి ఇందులో చీకటిని వెదికేవారు నిరాశ చెందక తప్పదు. సాయంకాలపు విందుల్లో, తోటల్లో వాయించే ఉల్లాస సంగీతానికి ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మాట అది. మన ఊళ్లలో పెళ్లి ముందురోజు రాత్రి మోగే మేళం వంటిదనుకుంటే సరిపోతుంది.

మాడ్రిడ్ వీధుల్లో గస్తీ

అసలైన రాత్రిని తీగలకెక్కించిన వారిలో బోకెరీనిని ముందుగా చెప్పుకోవాలి. ఇటలీలో పుట్టి స్పెయిన్‌లో స్థిరపడిన ఈ చెల్లో విద్వాంసుడు 1780 ప్రాంతంలో 'మాడ్రిడ్ వీధుల రాత్రి సంగీతం' అనే రచన చేశాడు. అప్పటికి ఆయన ఆశ్రయమిచ్చిన రాకుమారుని వెంట రాజధానికి దూరంగా, ఒక మారుమూల పట్టణంలో ఉంటున్నాడు. విడిచి వచ్చిన నగరాన్ని తలచుకుంటూ రాసినట్టుంటుంది ఈ కృతి. రెండు వయొలిన్లు, ఒక వయోలా, రెండు చెల్లోలు. అంతే సరంజామా. ఆ అయిదు వాద్యాలే ఒకచోట చర్చి గంటలవుతాయి, ఒకచోట సిపాయిల డోలవుతాయి. గుడ్డి బిచ్చగాళ్ల ఆటపాట వచ్చేసరికి చెల్లో వాదకులు కమాను పక్కనపెట్టి, వాద్యాన్ని గిటారులా ఒడిలో పెట్టుకుని గోళ్లతో మీటాలని రచయిత సూచించాడు. చివరి భాగం రాత్రి గస్తీ దళం. వీధుల్లో సంచారం చాలించి ఇళ్లకు పొమ్మని హెచ్చరిస్తూ దళం దూరం నుంచి వస్తుంది, సమీపిస్తుంది, దాటిపోతుంది. ఎదురుగా కదిలే మనిషంటూ లేకపోయినా నాదం హెచ్చుతగ్గులతోనే శ్రోత కళ్లముందు వీధి మలుపు కనిపిస్తుంది.

ఈ రచన స్పెయిన్ వెలుపల ఎవరికీ అర్థం కాదని, వాయించడం కూడా చేతకాదని బోకెరీని తన ప్రచురణకర్తకు తెలిపాడు. ఆయన జీవితకాలంలో అది అచ్చు కాలేదు. కాలం ఆయన అంచనాను తారుమారు చేసింది. 2003లో వచ్చిన 'మాస్టర్ అండ్ కమాండర్' అనే హాలీవుడ్ చిత్రంలో ఓడ కప్తాను, వైద్యుడు కలిసి వాయించే బాణీగా అది కోట్లమంది చెవిన పడింది.

రష్యాకు చెందిన బొరోడిన్ వృత్తిరీత్యా రసాయన శాస్త్ర ఆచార్యుడు. తీరిక దొరికినప్పుడే సంగీతం. 1881లో రాసి భార్యకు అంకితమిచ్చిన రెండవ క్వార్టెట్‌లోని మూడవ భాగానికి 'నొత్తుర్నో', అంటే రాత్రిగీతం, అని పేరుపెట్టాడు. మొదట చెల్లో పైస్థాయిలో ఒక్కటే పాడుతుంది. తర్వాత అదే పాటను వయొలిన్ అందుకుంటుంది. చివర రెండూ ఒకదాని వెంట ఒకటి అదే మాట చెప్పుకుంటాయి. సంగీత శాస్త్రం ఏమీ తెలియని శ్రోతకు సైతం ఇది ఇద్దరి సంభాషణ అని ఇట్టే బోధపడుతుంది.

ఇందుకు భిన్నమైనది వియన్నా స్వరకర్త షూన్‌బెర్గ్ 1899లో ఆరు తీగవాద్యాలకు కూర్చిన 'రూపాంతరం చెందిన రాత్రి'. రిచర్డ్ డేమెల్ కవిత దీనికి ఆధారం. వెన్నెల్లో అడవి దారిన ఇద్దరు నడుస్తుంటారు. తాను మోస్తున్నది వేరొకరి బిడ్డనని ఆమె చెబుతుంది. ఆ బిడ్డను తన బిడ్డగానే స్వీకరిస్తానని అతడంటాడు. అరగంట పాటు సాగే ఈ రచనలో ఒక్క మాట లేదు, పాట లేదు. దిగులుతో కుంగే శ్రుతిలో మొదలై, అదే ఆధార స్వరంపై కాంతిమంతమైన శ్రుతిలోకి మారడమే కథంతా. ఇందులోని ఒక స్వర సమ్మేళనం పుస్తకాల్లో లేదంటూ వియన్నాలోని ఒక సంగీత సంఘం మొదట తిరస్కరించిందట. 1902లో గానీ ఇది వేదికెక్కలేదు.

వాదకులు చీకటిని ఎలా పలికిస్తారన్నది ఆసక్తికరమైన విషయం. తీగలను మోసే బ్రిడ్జి మీద 'మ్యూట్' అనే చిన్న చెక్క ముక్కనో రబ్బరు ముక్కనో బిగిస్తారు. బ్రిడ్జి బరువెక్కి, తీగల కదలిక వాద్యం పైచెక్కకు తక్కువగా చేరుతుంది. నాదంలోని పదును పోయి, తలుపు అవతలి నుంచి వినిపిస్తున్నట్టు మెత్తబడుతుంది. కమానును వణికిస్తే ఆకుల సవ్వడి, వేలితో మీటితే చినుకు. హంగేరీకి చెందిన బార్తోక్ 1926లో పియానోపై కప్పల బెకబెకలు, పురుగుల రొద వినిపించి, 1928 నాటి నాలుగవ క్వార్టెట్‌లో ఆ పద్ధతిని తీగలకు తెచ్చాడు. తొలకరి వాన తర్వాత వరిమడి గట్టున నిలబడిన ఏ రైతుకైనా ఆ సంగీతం కొత్తగా అనిపించదు.

మద్రాసు మీదుగా వచ్చిన వయొలిన్

ఇదంతా పరాయి ముచ్చటని కొట్టివేయడానికి వీల్లేదు. ఆ వయొలినే రెండు వందల ఏళ్ల క్రితం ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని మద్రాసులో మన సంగీతంలోకి అడుగుపెట్టింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786 - 1859) ఆంగ్లేయ వాదకుల వద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతానికి అన్వయించారు. మనవారు వాద్యాన్ని మార్చలేదు, కూర్చునే తీరును, శ్రుతిని మార్చారు. నేలపై కూర్చుని వాద్యం తలను పాదంపై ఆనించడంతో ఎడమచేయి బరువు మోయనవసరం లేక తీగపై జారడానికి స్వేచ్ఛ దొరికింది. గమకం పలకాలంటే ఆ స్వేచ్ఛ కావాలి. నాలుగు తీగలను స-ప-స-పగా శ్రుతి చేశారు.

రాత్రికి ప్రత్యేకించిన రాగాలు మనకు ముందునుంచీ ఉన్నాయి. హిందుస్తానీ పద్ధతి రోజును ఎనిమిది జాములుగా విభజించి ఒక్కో జాముకు కొన్ని రాగాలను కేటాయించింది. దర్బారీ కానడ, మాల్‌కౌంస్ అర్ధరాత్రి రాగాలు. దక్షిణాదిన ఈ నియమం సడలింది. మాల్‌కౌంస్ స్వరాలే ఉన్న హిందోళాన్ని ఇక్కడ సాయంత్రం ఆరు గంటల కచేరీలోనూ నిస్సంకోచంగా పాడతారు. అయినా వేళను వదలని రాగాలు కొన్ని మిగిలాయి. తెల్లవారుజాముకు భూపాలం, నిద్రవేళకు నీలాంబరి.

నీలాంబరి 29వ మేళమైన ధీరశంకరాభరణం నుంచి పుట్టినది. స్వరాలు మెట్లెక్కినట్టు వరుసగా సాగవు. ముందుకొకటి, వెనుకకొకటి వేస్తూ ఊయల ఊగినట్టు కదులుతాయి. మాతృమేళానికి చెందని కైశికి నిషాదం మధ్యలో తొంగిచూసి రాగాన్ని మరింత మెత్తబరుస్తుంది. వేగంగా వాయిస్తే ఈ రాగం చెదిరిపోతుంది. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో శ్రీరాముని ఊయలలూపే పాటను ఈ రాగంలోనే కూర్చారు. తిరుమలలో రాత్రి చివరి సేవయిన ఏకాంత సేవలో తాళ్లపాక వంశీకులు లాలి పాడే ఆచారం నేటికీ కొనసాగుతోంది. దేవుడిని నిద్రపుచ్చడానికి ఒక సంగీతం ఏర్పరచుకున్న జాతికి రాత్రి సంగీతం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పల్లెలకు వయొలిన్‌ను పరిచయం చేసింది సభలు కాదు, హరికథలు. రాత్రి భోజనాలయ్యాక మొదలై పొద్దుపోయేదాకా సాగే కథకు ఒకపక్క మృదంగం, మరోపక్క వయొలిన్ ఉండేవి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు కాగా, అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యునిగా చేరినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893 - 1964). చిన్ననాటి నుంచీ చూపు తక్కువైన నాయుడుగారు పక్కవాద్యంగానే చలామణి అవుతున్న వయొలిన్‌ను కచేరీకి నాయకస్థానంలో నిలిపారు. 1938లో వేలూరులో ఆయన చేసిన సోలో కచేరీ ఆ దిశలో మొదటిదని చెబుతారు. 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన వాదనం విని ముగ్ధుడైంది ఏ మహాసభలోనో కాదు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంటిలో.

సభలకు వెళ్లలేని పల్లెవాసులకు ఆ లోటు తీర్చింది రేడియో. 1952లో ఆకాశవాణి ప్రారంభించిన జాతీయ సంగీత కార్యక్రమం శనివారం రాత్రివేళ ప్రసారమయ్యేది. దీపం తగ్గించి, పెట్టె చుట్టూ చేరి విన్న ఆ వీణ, ఆ వయొలిన్ గది సంగీతమే.

పది గంటల తర్వాత ఏం చేయవచ్చు?

తెల్లవార్లూ కచేరీలు వినే అలవాటుకు తెరపడింది. కారణాల్లో ఒకటి చట్టం. 2000లో అమలులోకి వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఈ నిషేధానికి బలం చేకూర్చింది. నివాస ప్రాంతాల్లో రాత్రివేళ ధ్వని పరిమితి 45 డెసిబెల్స్. 2010 సవరణతో వాద్యాలు సైతం నిషేధ పరిధిలోకి వచ్చాయి. తెల్లవారే వరకు సాగడానికి పేరుపొందిన పుణె సవాయ్ గంధర్వ సంగీతోత్సవం కూడా వేళలు మార్చుకోవలసి వచ్చింది. ఫలితంగా అర్ధరాత్రి రాగాలకు వేదిక కరవైందని ఉత్తరాది విద్వాంసులు వాపోతుంటారు. రోగులకూ, పరీక్షలకు చదివే పిల్లలకూ ఈ నిబంధన రక్షణ అన్నదీ కాదనలేని నిజం.

అయితే చాలామంది గమనించని మినహాయింపు ఈ నిబంధనలోనే ఉంది. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు వంటి మూసి ఉన్న ప్రాంగణాల్లో, లోపలివారికి మాత్రమే వినిపించే కార్యక్రమాలకు ఈ నిషేధం వర్తించదు. ఆరుబయట జరిగే సాంస్కృతిక, మతపర ఉత్సవాలకు సైతం ఏడాదిలో గరిష్ఠంగా 15 రోజులు అర్ధరాత్రి 12 గంటల వరకు సడలింపునిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఉత్సవ కమిటీలు సాధారణంగా కోరేది ఈ రెండవ సదుపాయం. రాత్రి సంగీతానికి పనికొచ్చేది మొదటిది. నలుగురు వాదకులు, తలుపులు మూసిన హాలు, వంద కుర్చీలు ఉంటే చాలు. స్పీకర్ల అద్దె ఖర్చు కూడా మిగులుతుంది.

మొజార్ట్, బోకెరీని, బొరోడిన్ రాత్రిగీతం కలిపి ముప్పావుగంటకు మించవు. మ్యూట్ బిగించిన వాద్యాలకు చెవి అలవాటు పడ్డాక నీలాంబరి ఆలాపన మొదలుపెడితే పది గంటలలోపే ఇళ్లకు చేరవచ్చు. ఇక వేళ సంగతి. మ్యూట్ బిగించిన వయొలిన్ కన్నా హాలులోని సీలింగు ఫ్యాన్ల చప్పుడే ఎక్కువ. నెల్లూరు ఎండల్లో ఫ్యాను ఆపమంటే శ్రోతలు ముందుగా లేచిపోతారు. ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపినిచ్చిన తర్వాత, పుష్యమాసపు చలి రాత్రులు ఇందుకు అనువైనవి.