అపరాధ నవలకు రెండవ పఠనమే గీటురాయి

అద్దెకు పుస్తకములిచ్చు అంగళ్లు ప్రతి పట్టణమునందును వర్ధిల్లిన దినములలో, డిటెక్టివ్ నవలను తిరిగి యిచ్చివేయుటకు ముందు దాని మొదటి పుటమీద హంతకుని పేరు పెన్సిలుతో వ్రాసిపెట్టు కొంటె పాఠకులు కొందఱుండెడివారు. తరువాత దానిని తెచ్చుకొన్నవాని సుఖమును తాము సమూలముగ హరించితిమనియే వారి విశ్వాసము. ఆ పేరు కంటబడగానే పుస్తకమును మూసివేసి, అద్దె దండుగయైనదని వగచినవారును లేకపోలేదు. ఐనను ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది: హంతకుని పేరు తెలిసినంతమాత్రముననే ప్రాణము గోల్పోవు నవలలో మొదట ప్రాణమనునది యెంత కలదు? పాల్వంచకును దమ్మపేటకును నడుమ, జామాయిల్ తోటలును పోడు చేలును కలసియున్న ములకలపల్లి వంటి మన్యపు టూరిలో కూర్చుండి చదువువానికైనను, మహానగరపు గ్రంథాలయమున చదువువానికైనను ఈ ప్రశ్న యొక్కటే. హంతకుడెవ్వడో తెలిసిన పిమ్మట గూడ మఱల చదువదగినదే మంచి అపరాధ నవల యనియు, అట్టి రెండవ పఠనము చేయక దానిని సమీక్షింపబూనుట సగము సాక్ష్యము విని తీర్పు చెప్పుట యనియు ఈ వ్యాసమున నిరూపింప నుద్దేశించితిని.

ఈ జాతి నవల తెలుగువారికి క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో వంగభాషనుండి తెలుగులోనికి వెల్లువగ వచ్చిన అనువాదములతోపాటు పాంచ్‌కడి దే వ్రాసిన అపరాధ పరిశోధక కథలు గూడ మన పాఠకులకు పరిచితములయ్యెను. పిమ్మట కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలలు వ్రాసి, చౌక పుస్తకమును రైలు ప్రయాణికుని చేతి కందించి, పండితులు కాని జనులకు చదువుటయందు రుచి పుట్టించెను. అట్లు సిద్ధమైన నేలమీద కొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివ్ యుగంధరునకును, అతని సహాయకుడైన రాజునకును ప్రాణము పోసి, ‘చావుకేక’, ‘లక్షాధికారి హత్య’ మొదలుగాగల నవలలతో ఒక తరమునకు నిద్ర లేకుండ జేసెను. విశ్వప్రసాద్, టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ మున్నగువారు తమతమ పరిశోధకులతో అదే బాటను నడచిరి. మధుబాబు సృష్టించిన షాడో వీరికంటె భిన్నమైన కులమువాడు. అతడు గూఢచారియే కాని పరిశోధకుడు కాడు, తర్కించుటకంటె తరుముటయే అతనికి ప్రధానము. మల్లాది వెంకటకృష్ణమూర్తి వ్రాసిన ‘చంటబ్బాయ్’లో పరిశోధకుడే హాస్యమునకు పాత్రుడయ్యెను, 1986లో జంధ్యాల దానిని చలనచిత్రముగ మలచుటచేత పుస్తకము చదువనివారికిని అతడు చుట్టమైనాడు.

వీరందఱిలోను ఆరుద్ర సంగతి ప్రత్యేకముగ గమనింపదగినది. ‘త్వమేవాహం’ రచించిన కవి, ‘సమగ్రాంధ్ర సాహిత్యము’ను సంపుటములు సంపుటములుగ వ్రాసిన పరిశోధకుడు, అదే చేతితో ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలును వ్రాసెను. తాళపత్రములనుబట్టి ఒక కవి కాలమును నిర్ణయించుటకును, గ్లాసుమీది జాడలనుబట్టి ఒక నేరస్థుని నిర్ణయించుటకును కావలసిన బుద్ధి ఒక్కటియే యని ఆయన యెఱుగును గాబోలు. కాని ఆయన కవిత్వమునకు లభించిన విమర్శలో శతాంశమైనను ఈ నవలలకు లభింపలేదు. లక్షలాది జనులు చదివిన వాఙ్మయమును గూర్చి సాహిత్య చరిత్రలు ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టుకొనుట మనకు అలవాటైనది.

ఉపేక్షకు కారణము, ఈ నవలను కాలక్షేపమని తలచుటయే. నిజమునకు దీని పునాదులు మన శాస్త్రములలో కలవు. కొండమీద పొగ కనబడుచున్నది గావున అచ్చట నిప్పు కలదని యూహించుట న్యాయశాస్త్రమున అనుమాన ప్రమాణమునకు చెప్పబడు ప్రసిద్ధ నిదర్శనము. పొగ హేతువు, నిప్పు సాధ్యము. పొగవలె గన్పట్టు మంచును జూచి నిప్పు కలదని భ్రమించినచో అది హేతువు కాదు, హేత్వాభాసము. అపరాధ నవలా రచయిత తన పుటలలో హేతువులను, హేత్వాభాసములను పక్కపక్కన నుంచి, ఏది పొగయో ఏది మంచో తేల్చుకొమ్మని పాఠకునకు సవాలు చేయును. ఈ సవాలు ధర్మబద్ధము కావలెనన్నచో పొగను దాచరాదు. పొగవలె గన్పట్టు మంచును చూపవచ్చును. 1929లో ఆంగ్లదేశమున రోనాల్డ్ నాక్స్ అను మతాచార్యుడు ఈ జాతి కథలకు పది ఆజ్ఞలు విధించెను. నేరస్థుడు కథ తొలి భాగముననే ప్రస్తావింపబడవలెను. పరిశోధకునకు దొరకిన ప్రతి ఆధారమును అప్పుడే పాఠకునకును చూపవలెను. ముందుగ సిద్ధపఱపకుండ కవలలను దింపరాదు. వీటి సారమంతయు రచయిత పాఠకుని మోసగింపవచ్చును గాని పాఠకునకు అన్యాయము చేయరాదనుటయే.

న్యాయముగ జరిగినదో లేదో తెలియుట మొదటి పఠనమున సాధ్యము కాదు. మొదటిసారి చదువునపుడు పాఠకుడు కథా ప్రవాహమున కొట్టుకొనిపోవును. అట్లు కొట్టుకొనిపోవుటయే అప్పటి సుఖము. రెండవసారి చదువునపుడు అతడు గట్టుమీద నిలిచి, ఏ వాక్యమును ఏ వాక్యముక్రింద దాచిరో, ఏ హాస్య సంభాషణ నడుమ ఏ సత్యమును జాఱవిడిచిరో చూడగలడు. 1926లో అగాథా క్రిస్టీ ప్రకటించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ ముగింపును జూచి, ఆమె ఆట నియమములను మీఱినదని పలువురు మండిపడిరి. ముగింపు నెఱిగి మఱల మొదటి పుటనుండి చదివినవారికి గాని, ఆమె ఒక్క అసత్యమునైన పలుకలేదనియు, మనమే తొందరపడి చదివితిమనియు తెలియదు. ఆ రహస్య మేమియో ఇచ్చట వ్రాయను. ఆ నవలను ఇంకను చదువని పాఠకుని హక్కు అది.

హంతకుని పేరు దాచకపోయినను కథ నిలుచునని చెప్పుటకు మనకు అంతకంటె ప్రాచీనమైన సాక్ష్యమున్నది. శూద్రకుని ‘మృచ్ఛకటిక’మున వసంతసేనను గొంతు నులిమినవాడు శకారుడని ప్రేక్షకుడు కన్నులార చూచును. ఐనను తొమ్మిదవ అంకమున న్యాయసభ తీఱినపుడు నేరము చారుదత్తునిపై మోపబడును. ఆమె నగలు అతని మిత్రుడైన మైత్రేయుని చంకనుండి సభామధ్యమున జాఱిపడును. నగలు అచ్చటికి ఎట్లు వచ్చినవో మనకు తెలియును, న్యాయాధికారికి తెలియదు. నిజమైన వస్తువే అబద్ధమునకు సాక్ష్యమగుట యెంత భయంకరమో ఆ క్షణమున మనకు తెలియవచ్చును. ఇరువది యొకటవ శతాబ్దిలో జపాను రచయిత కెయిగో హిగాషినో 2005లో ప్రకటించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ నందును హత్య చేసినదెవరో తొలి పుటలలోనే తెలిసిపోవును. ఐనను పాఠకుడు కడపటి పుటవఱకు ఊపిరి బిగబట్టి చదువును. ‘ఎవ్వడు?’ అను ప్రశ్న అడుగంటిన చోట ‘ఎట్లు?’, ‘ఎందులకు?’ అను ప్రశ్నలు మొలకెత్తును.

నేటి అపరాధ నవల ఈ రెండవ ప్రశ్నలవైపే మొగ్గుచున్నది. వెనుకటి పరిశోధకుడు ఒక భవనములోని అనుమానితులందఱిని ఒక గదిలో కూర్చుండబెట్టి చిక్కు విప్పెడివాడు. నేటివాడు ఒక సమాజమును కూర్చుండబెట్టి విప్పుచున్నాడు. అబీర్ ముఖర్జీ ‘ఎ రైజింగ్ మ్యాన్’ (2016) 1919 నాటి కలకత్తాను, సుజాతా మాసీ ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018) 1921 నాటి బొంబాయిని రంగముగ జేసికొన్నవి. మొదటిదానిలో వలస పాలకుని పోలీసు కొలువులో భారతీయునకు గల ఇరకాటము, రెండవదానిలో పరదా వెనుకనున్న స్త్రీల ఆస్తి హక్కు, హత్యా రహస్యముతో పెనవేసికొని యుండును. తెలుగులో ఈ మార్పు పుస్తకమునకంటె తెరమీద ముందుగ గోచరించినది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ అను చిత్రము తన డిటెక్టివును నెల్లూరిలో నిలిపి, పెద్ద నగరము లేకున్నను పరిశోధన నడచునని చూపినది.

ఇట్టి నవలను సమీక్షించువాడు చూడవలసిన మొదటి సంగతి ఆధారముల న్యాయము. దానిని గూర్చి పైన చెప్పితిని. రెండవది చట్టము. మన డిటెక్టివ్ నవలలు పెక్కింటిలో కడపటి అధ్యాయమున నేరస్థుడు ఇన్‌స్పెక్టరు సమక్షమున సమస్తమును ఒప్పుకొనును, బేడీలు పడును, కథ కంచికి పోవును. కాని పోలీసు అధికారితో చేసిన నేరాంగీకారము నిందితునిపై రుజువుగ చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పినది. దాని స్థానమున 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ మాటనే చెప్పుచున్నది. ఆ యొప్పుదల చూపిన దారిని పోయి కత్తినో నగనో బయటికి తీసినచో, అంతమేరకు మాత్రమే అది పనికివచ్చును. కావున ఒప్పుదలతో ముగిసిన కథ న్యాయస్థానమున ముగియదు, అచ్చట మొదలగును. రచయిత ఈ సంగతి నెఱిగి వ్రాసెనా, ఎఱుగక వ్రాసెనా యని అడుగుట విమర్శకుని విధి. ఏలయన ఎఱిగి వ్రాసినవాని పరిశోధకుడు ఒప్పుదలకొఱకు గాక వస్తువుకొఱకు వెదకును, కథ నడకయే మాఱిపోవును.

మూడవది చోటు. ఈ నేరము ఈ యూరనే యేల జరిగినది? మఱియొక యూర జరిగినను కథ మాఱదన్నచో ఆ యూరు పేరునకు మాత్రమే యున్నదన్నమాట. మన కథలలోను చిత్రములలోను అడవి తఱచుగ శవమును దాచు చోటుగనో, భయమును పుట్టించు చీకటిగనో వచ్చును. కాని ములకలపల్లి వంటి షెడ్యూల్డు ప్రాంతమున వసించువారికి అడవి భయము కాదు, బ్రతుకు; ఇచ్చటి చిక్కుముడులు చీకటిలోకంటె కాగితములలో నెక్కువగ దాగియుండును. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఈ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండ నిషేధించిరి. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని జనులు వ్యవహరించునది ఇదియే. గిరిజనేతరుని స్వాధీనముననున్న భూమి, అట్లు కాదని రుజువగువఱకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపవలెనని ఆ చట్టము చెప్పును. కాగితముమీద ఒకని పేరు, చేనిలో మఱియొకని నాగలి; పట్టా పట్టినవాడు ఒకడు, పంట నమ్ముకొన్నవాడు వేఱొకడు. అట్టి చోట ఒక మనుష్యుడు మాయమైనచో, పరిశోధకుడు చూడవలసినది అడుగుజాడలనా, పహాణీ నకళ్లనా?

ఇంకొక సంగతి. కోయ మాట్లాడు ముసలివాడు సాక్షిగ నిలిచి చెప్పినదానిని తెలుగు మాత్రమే వచ్చిన హెడ్‌కానిస్టేబులు వ్రాసికొన్నచో, నోటినుండి కాగితమునకు పోవు నడుమ ఏది జాఱిపోవును? అట్లు జాఱిపోయిన ఒక్క మాటలోనే ఒక నవలకు కావలసిన ఆధారమంతయు ఇమిడియుండవచ్చును. అది పాఠకుని కన్నులయెదుటనే యుండును; అన్యాయమని ఎవ్వరును అనజాలరు. భద్రాచలము సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయపు వసారాలో వాయిదాకొఱకు కాచుకొనియున్నవారి సంభాషణ వినినవాడెవ్వడును ఇచ్చట కథలకు కొఱత కలదని చెప్పడు. కొఱత యేదైనను ఉన్నచో అది ఇట్టి ప్రశ్నలు వేయు సమీక్షకులదే. విమర్శకుడు చోటునుగూర్చి అడుగనంతకాలము రచయితకు దానిని పట్టించుకొనవలసిన అవసరమును కలుగదు.

అడుగుటయందు గల చిక్కు మనకు తెలియనిది కాదు. ఆధారములను గూర్చి వ్రాసినచో రహస్యము బయటపడును. రహస్యమును కాపాడినచో వ్రాయుటకు ఏమియు మిగులదు. అందుచేత మన పత్రికలలోని సమీక్షలు సగము కథను సంగ్రహించి, పుస్తకము ఏకబిగిని చదివించునని మెచ్చి ముగియును. ఏకబిగిని చదివించుట వేగమును గూర్చిన సాక్ష్యమే గాని విలువను గూర్చినది కాదు. ముగింపు ఎవ్వరును ఊహింపలేరని వ్రాయుటయు పొరపాటే; అట్లు చెప్పినంతనే పాఠకుడు ఎదురుగ కనబడువారినందఱిని వదలి, ఎవ్వరును అనుమానింపనివానిని వెదకుట మొదలుపెట్టును. అమెరికాలో ఎడ్మండ్ విల్సన్ వంటి ఉద్దండ విమర్శకుడు 1945లో, రోజర్ అక్రాయిడును ఎవ్వడు చంపిన మనకేమని ఈ జాతి నంతను త్రోసిపుచ్చెను. ఆంటొనీ బౌచర్ 1951నుండి 1968లో మరణించువఱకు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో అపరాధ నవలల సమీక్షలు వ్రాసి, అదే జాతిని శ్రద్ధతో చదువవచ్చునని నిరూపించెను. స్వయముగ నవలాకారుడగుటచేత, ఏది చెప్పవలెనో ఏది చెప్పరాదో ఆయనకు తెలియును.

మన పత్రికలు ఈ చిక్కును సులభముగ దాటవచ్చును. సమీక్షను రెండు భాగములుగ వ్రాయవలెను. మొదటి భాగము నవలను చదువనివారికొఱకు: కథాస్థలము, పరిశోధకుని స్వభావము, భాష, రచయితకు పోలీసు పద్ధతులయందును చట్టమునందును గల పరిచయము, మొదటి నాలుగవ వంతు కథ, అంతకుమించి ఒక్క అడుగైనను వేయరాదు. పిమ్మట నొక గీత గీసి, ఇచ్చటనుండి నవలను పూర్తిచేసినవారు మాత్రమే చదువవలెనని స్పష్టముగ హెచ్చరించి, రెండవ భాగమున ఆధారములను ఒక్కొక్కటిగ ఎత్తి చూపి, ఏది హేతువో ఏది హేత్వాభాసమో తేల్చి, రచయితకు రావలసిన కీర్తిని గాని అపకీర్తిని గాని నిర్మొహమాటముగ పంచవలెను. స్థలము చాలదన్నచో రెండవ భాగమును మఱుసటి సంచికలో వేయవచ్చును; ఆ నడుమ నెల దినములు పాఠకునకు నవలను చదువుటకు చాలును. ఇట్లు ఒక్క పత్రిక ఒక్క సంవత్సరము చేసి చూపినచో, అపరాధ నవల వ్రాయువారు తమ పుస్తకము రెండుసార్లు చదువబడునని తెలిసికొని, రెండవసారి చదువువానికొఱకును వ్రాయుట మొదలుపెట్టుదురు.